ఎవరెస్టు దొర ఎక్కిన గుట్టలు

ఈ ప్రత్యేక సంచికలో తలా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి రాయాలని సంపాదక వర్గం వారు నిర్ణయించారు. మహాత్ములను గురించి, కవులను గురించి, నాయకులను గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వే, భూమి రికార్డుల శాఖలో గొలుసు పట్టుకుని పొలాల గట్ల మీద, గుట్టల మీద తిరిగి పదవీ విరమణ చేసినవాడిని. అందుచేత మా వృత్తికి పెద్దదిక్కు అనదగిన ఒకాయన కథనే ఎంచుకున్నాను. ఆయన పేరు జార్జి ఎవరెస్టు.

ఈ పేరు తెలియని బడిపిల్లవాడు ఉండడు. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం పేరేమిటని అడిగితే ఠక్కున చెబుతాడు. కాని ఎవరెస్టు అనేది ఒక మనిషి ఇంటిపేరనీ, ఆ మనిషి మన తెలంగాణ గుట్టలు ఎక్కి, మన అడవుల్లో జ్వరపడి, చావు తప్పించుకుని పోయాడనీ చెబితే పెద్దవాళ్ళు కూడా ఆశ్చర్యపోతారు. ఆయన తన పేరు పెట్టిన శిఖరాన్ని ఎన్నడూ ఎక్కలేదు. దానిని కొలిచినది కూడా ఆయన ఉద్యోగం నుంచి తప్పుకున్న తరువాతనే. ఆయన నిజంగా ఎక్కినవి మన గుట్టలు. ఆ సంగతే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఎవరెస్టు 1790వ సంవత్సరం జూలై 4న పుట్టాడు. పదహారేళ్ళ వయసులో, 1806లో, ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరి బెంగాలుకు వచ్చాడు. లెక్కల్లో మంచి ప్రజ్ఞ గలవాడు. 1814 నుంచి 1816 దాకా జావా ద్వీపంలో సర్వే పని చేశాడు. అక్కడి నుంచి తిరిగి వచ్చాక ఆయన పనితనం పైవారి దృష్టిలో పడింది. అప్పటికి దక్షిణాదిన కర్నల్ విలియం లాంబ్టన్ అనే పెద్దాయన ఒక మహాకార్యం నడిపిస్తున్నాడు. ఆయనకు ముఖ్య సహాయకుడిగా ఎవరెస్టును నియమించారు. 1818 చివర ఎవరెస్టు హైదరాబాదు చేరాడు. అప్పుడు నిజాము గద్దె మీద సికందర్ జా ఉన్నాడు. ఎవరెస్టు వయసు 28 ఏళ్ళు, లాంబ్టన్‌ది అరవై దాటింది.

లాంబ్టన్ చేస్తున్న పని ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆయన గొలుసుతో ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ళ గీత. దానికి 57 రోజులు పట్టింది. మా శాఖలో చైన్‌మన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని ఎకరాలు చుట్టి వచ్చేవాడో తెలిసినవారికి ఆ 57 రోజుల విలువ అర్థమవుతుంది. ఎండకు గొలుసు ఎంత సాగుతుంది, చల్లబడితే ఎంత కుంచించుకుపోతుంది అన్నది కూడా లెక్కగట్టి, నేల మీద ఆనకుండా పెట్టెల్లో పరిచి, ముక్కాళ్ళ పీటల మీద నిలిపి కొలిచారు. అంత జాగ్రత్త ఎందుకంటే, ఆ ఒక్క గీత సరిగ్గా ఉంటే మిగిలిన దేశమంతా గొలుసు వేయనక్కరలేదు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలో వస్తాయి. ఆ వచ్చిన భుజం మీద మరొక త్రిభుజం, దాని మీద ఇంకొకటి. ఇలా గుట్ట నుంచి గుట్టకు త్రిభుజాలు అల్లుకుంటూ కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా పోవచ్చును. భూమి గుండ్రం ఎంత, ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుని ఉన్నది అన్నది కూడా తేలుతుంది. 1818 జనవరి 1 నుంచి ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అనే పేరు వచ్చింది.

కోణాలు చూసే యంత్రం పేరు థియొడొలైటు. మేము వాడినది ఒక మనిషి భుజాన వేసుకుని పోగలిగినది. లాంబ్టన్ వాడినది అర టన్ను బరువు, దాని చక్రం మూడడుగుల వెడల్పు. లండనులో కేరీ అనే ఆయన చేశాడు. దానిని తెస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్ తీసుకుపోయి, ఇది యుద్ధసామగ్రి కాదని తెలుసుకుని మర్యాదగా తిరిగి పంపించారు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయం గోపురం మీదికి దానిని తాళ్ళతో లాగుతుంటే జారి గోడకు కొట్టుకుని చక్రం వంకర పోయింది. లాంబ్టన్ ఆరు వారాలు గుడారంలో కూర్చుని దానిని తన చేతులతో సరిచేశాడు. అంత బరువైన యంత్రాన్ని కూలీలు మోసుకుని ప్రతి గుట్ట శిఖరానికీ చేర్చవలసిందే. గుట్ట మీద చెట్లు అడ్డం వస్తే కొట్టవలసిందే. రాతి మీద గుండ్రని గుర్తు చెక్కి, దాని నడిమి చుక్కకు సరిగ్గా పైన యంత్రం నిలపవలసిందే.

గుట్ట ఎక్కడం అంటే ఏమిటో మా కుకునూరుపల్లి చుట్టుపక్కల వారికి వేరే చెప్పనక్కరలేదు. రాజీవ్ రహదారి మీద పోయేవారికి అటూ ఇటూ కనిపించేవి రాతి గుట్టలే. మట్టి తక్కువ, గుండు ఎక్కువ. కింద తుమ్మలు, మోదుగులు, మధ్యలో సీతాఫలం పొదలు, పైన ఉత్త నున్నటి బండ. ఎండ ఎక్కకముందే ఎక్కాలి, బండ కాలిందంటే చెప్పులున్నా పాదం ఆనదు. కొమురవెల్లి మల్లన్న దగ్గరికి సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతరకు పోయేవారంతా ఎంతో కొంత గుట్ట రుచి చూసినవారే. ఉద్యోగంలో ఉండగా నేను ఎక్కిన గుట్టలకు లెక్కలేదు. ఎక్కుతున్నంతసేపు కాళ్ళ కింది రాయి తప్ప మరేమీ కనపడదు. పైకి చేరగానే ఒక్కసారిగా నాలుగు దిక్కులూ విచ్చుకుంటాయి. చెరువులు పళ్ళెల మాదిరి మెరుస్తాయి. తాటివనాలు, ఊళ్ళ గుడి శిఖరాలు, మసీదు మినార్లు, ఆ వెనక ఒకదాని వెనక ఒకటి నీలంగా మరిన్ని గుట్టలు. యాత్రికుడు ఆ దృశ్యం చూసి ఆనందించి దిగిపోతాడు. సర్వేయరుకు అక్కడ పని మొదలవుతుంది. ఆ దూరపు నీలి గుట్ట మీద మన జెండా కనపడుతున్నదా లేదా అన్నదే అతని ఆరాటం. ఎవరెస్టుకు కూడా అదే ఆరాటం.

1819 వానాకాలంలో లాంబ్టన్ ఎవరెస్టును కృష్ణా గోదావరుల నడుమ ఉన్న ప్రాంతానికి పంపించాడు. మా ఊరు కూడా ఆ రెండు నదుల నడుమ ఉన్న పీఠభూమి మీదిదే. ఎండాకాలంలో పోకుండా వానల్లో ఎందుకు పోయారని సందేహం రావచ్చును. ఎండాకాలంలో దుమ్ము, వడగాడ్పు. నేల నుంచి లేచే వేడికి దూరపు జెండా నీళ్ళలో నీడ మాదిరి వణుకుతుంది, కోణం నిలవదు. వాన కురిసి వెలసిన తరువాత గాలి కడిగినట్లు ఉంటుంది, ఇరవై ముప్ఫై మైళ్ళ అవతలి శిఖరం కత్తితో గీసినట్లు కనపడుతుంది. అందుకని లాంబ్టన్ ఎప్పుడూ వానాకాలంలోనే బయలుదేరేవాడు. కాని మన అడవులకు వానాకాలంలో ఇంకొక గుణం ఉన్నది. దోమ. మలేరియా దోమ వల్ల వస్తుందని ఆనాడు ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. దోమ సంగతి రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే కనిపెట్టాడు, కాని అది 1897లో, ఎవరెస్టు వచ్చి పోయిన 78 ఏళ్ళకు.

బయలుదేరిన కొద్ది రోజులకే ఎవరెస్టుకు చిక్కు వచ్చింది. వెంట వచ్చిన నిజాము సిపాయిలు ఎదురు తిరిగారు. ఎవరెస్టు లాంబ్టన్ వంటి మెత్తనివాడు కాడు. ముఖ్యులను పట్టి కొరడాలతో కొట్టించి అణచివేశాడు. ఆ కాలపు అధికారి తీరు అది. దానిని మెచ్చుకోవలసిన పని నాకు లేదు. ఆయన దగ్గర పనిచేసిన తెల్లవారు కూడా ఆయన నోటికి భయపడేవారని ఆయన చరిత్ర రాసినవారంతా చెప్పారు. కిందివారు తప్పు చేస్తే సహించడు, పైవారు తప్పు చేస్తే అంతకంటే సహించడు. మన సర్వీసులో కూడా ఇటువంటి అధికారులను ఒకరిద్దరిని ప్రతివారూ చూసి ఉంటారు.

ఆయన వెంట హెన్రీ వాయిసీ అనే డాక్టరు ఉండేవాడు. వైద్యుడే గాక రాళ్ళ శాస్త్రం తెలిసినవాడు. మన దేశపు భూగర్భ శాస్త్రానికి ఆద్యుడని తరువాతి వారు అతనిని గౌరవించారు. ఇద్దరూ గుట్ట తరువాత గుట్ట ఎక్కుతూ, జెండా మనుషులను ముందుగా దూరపు శిఖరాలకు పంపుతూ, గోదావరి వైపు సాగారు. యెల్లాపురం అడవుల్లో జ్వరాలు పట్టుకున్నాయి. ఎవరెస్టు పడ్డాడు, వాయిసీ పడ్డాడు, వెంట ఉన్నవారిలో దాదాపు 150 మంది పడ్డారు. లేచి నడవగలవారు లేక, పడిపోయినవారిని మోసేవారు లేక ఆ బృందమంతా అడవిలో చిక్కుపడింది. కబురు హైదరాబాదుకు చేరగానే ఉన్న ఏనుగులు, ఒంటెలు, డోలీలు అన్నీ పంపించి వారిని తెప్పించవలసి వచ్చింది. ఆ దారిలో 15 మంది చనిపోయారు. చరిత్ర పుస్తకాల్లో ఆ పదిహేను అనే అంకె ఉన్నది, వారి పేర్లు లేవు. వారు జెండాలు పట్టినవారు, యంత్రం మోసినవారు, గుడారాలు వేసినవారు, అంటే మన మాటల్లో చెప్పాలంటే ఖలాసీలు, చైన్‌మన్లు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పినది ఆ పేరు లేని పదిహేను మందే.

ఎవరెస్టు బతికాడు గాని ఆ జ్వరం ఆయనను జన్మంతా వదలలేదు. 1820లో ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రానికి పోయాడు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. అంతకు 70 ఏళ్ళ కిందట లకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అక్కడ కొలిచిన కొలతలో ఏదో తేడా ఉన్నదని లోకానికి తెలుసు గాని కారణం తెలియదు. ఎవరెస్టు ఆ చోట్లన్నీ తిరిగి చూసి, దగ్గరలోని పర్వతాలు తూకపు గుండును తమవైపు లాగడం వల్ల నిలువు గీత పక్కకు ఒరిగి ఉంటుందని ఊహించాడు. మనం తాపీమేస్త్రీ చేతిలో చూసే ఆ దారపు గుండే. కొండ పక్కన అది సరిగ్గా కిందికి వేలాడదు, వెంట్రుకవాసి కొండవైపు మొగ్గుతుంది. ఈ ఊహ తరువాత ఎంత పనికి వచ్చినదో ముందు చెబుతాను.

ఆయన తిరిగి వచ్చాక 1823 జనవరి 20న లాంబ్టన్ హైదరాబాదు నుంచి నాగపూరు పోతూ దారిలో హింగన్‌ఘాట్ వద్ద కన్నుమూశాడు. డెబ్బై ఏళ్ళ వయసు దాకా సెలవు తీసుకుని స్వదేశం పోలేదు, పనిలోనే పోయాడు. పనిభారమంతా ఎవరెస్టు మీద పడింది. లాంబ్టన్ 1815లో బీదరు దగ్గర కొలిచి పెట్టిన గీత నుంచి ఆయన ఉత్తరానికి సాగాడు. మధ్యభారతంలోని సిరోంజి దాకా చేరేసరికి కాళ్ళు చేతులు పట్టుదప్పి, యంత్రం దగ్గరికి తనను మోసుకుపోయి కూర్చోబెడితే గాని చూడలేని స్థితికి వచ్చాడు. అయినా సిరోంజి గీత కొలిచాకనే, 1825లో, ఇంగ్లండు పోయాడు.

అక్కడ ఐదేళ్ళు ఉన్నాడు. ఆ ఐదేళ్ళూ కొత్త యంత్రాలు చేయించడంలో, కొత్త పద్ధతులు నేర్వడంలో గడిపాడు. 1830లో తిరిగి వచ్చేటప్పుడు దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ పదవి కూడా తోడయ్యింది. గొలుసుకు బదులు ఇత్తడి, ఇనుము కలిపి చేసిన కడ్డీలు తెచ్చాడు. ఒక లోహం సాగితే రెండవది దానిని సరిచేసేటట్లు అమర్చినవి. పగటి జెండాలకు బదులు ఎండను అద్దంతో తిప్పి దూరపు శిఖరానికి కొట్టించే హీలియోట్రోపులు, రాత్రిపూట దీపాలు పెట్టించాడు. రాత్రి చల్లబడ్డాక వెలుతురు వంగే తీరు మారి, పగలు అడ్డు కింద మరుగుపడిన దీపం రాత్రి పైకి తేలి కనపడుతుంది. దీనితో వానాకాలపు చావులు తప్పి, పొడి కాలంలోనే పని జరిగే వీలు కలిగింది. యెల్లాపురంలో పదిహేను మందిని పోగొట్టుకున్న అనుభవం ఊరికే పోలేదని నేను భావిస్తాను.

గంగా మైదానంలో గుట్టలే లేవు. గుట్ట లేనిచోట గుట్టను కట్టించాడు. సుమారు 50 అడుగుల ఎత్తుగల రాతి, ఇటుక బురుజులు లేపి వాటి మీద యంత్రం నిలిపాడు. ఆయన బృందం కదిలితే ఒక ఊరు కదిలినట్లు ఉండేది. సుమారు 700 మంది కూలీలు, 4 ఏనుగులు, 42 ఒంటెలు. ఊళ్ళవారు అనుమానించేవారు. ఆ దుర్భిణితో ఇళ్ళలోని ఆడవాళ్ళను చూస్తున్నారని వదంతులు లేచేవి. మేము గొలుసు పట్టుకుని ఊళ్ళోకి పోతే భూమి గుంజుకోవడానికి వచ్చారని గుసగుసలాడేవారు. మా సంగతే అట్లా ఉంటే, రాత్రిపూట బురుజుల మీద దీపాలు పెట్టిన పరదేశీయులను నమ్మేదెవరు?

1834-35లో డెహ్రాడూను లోయలో మరొక గీత కొలిచారు. సిరోంజి నుంచి త్రిభుజాల మీదుగా లెక్కగట్టి వచ్చిన పొడవుకు, నేల మీద కడ్డీలతో కొలిచిన పొడవుకు తేడా ఎంత? ఏడు మైళ్ళ పైబడిన గీతలో కొన్ని అంగుళాలు మాత్రమే. నడుమ నాలుగు వందల మైళ్ళ దేశం ఉన్నది. 33 అడుగుల గొలుసుతో గుంట కొలిచేటప్పుడు హద్దురాయి దగ్గర జానెడు తేడా వస్తే అన్నదమ్ములు తలలు పగులగొట్టుకోవడం చూసిన నాకు, ఆ అంకె చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. 1841లో మన బీదరు గీతను కొత్త కడ్డీలతో ఆండ్రూ వా అనే ఆయన సహాయకుడు మళ్ళీ కొలిచాడు. దానితో కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదాల దాకా సుమారు 1,600 మైళ్ళ మహారేఖ పూర్తయ్యింది. 1843లో ఎవరెస్టు పదవీ విరమణ చేశాడు. హైదరాబాదు చేరిన నాటి నుంచి లెక్కవేస్తే పాతికేళ్ళు.

ఇక ఆయన చేతి కింద పనిచేసిన ఇద్దరు భారతీయులను గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఒకరు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేను. పెద్ద చదువు చదివినవాడు కాదు గాని యంత్రాల పని ఆయన చేతిలో ఉన్నది. ఇంగ్లండు నుంచి వచ్చిన యంత్ర నిపుణుడు వెళ్ళిపోయాక ఆ బాధ్యతలు మొహసిన్ చేపట్టాడు. ఇంగ్లండుకు పంపితే గాని బాగుకావనుకున్న యంత్రాలను ఇక్కడే బాగుచేసి, చక్రం మీద గీతలు మళ్ళీ గీయించాడు. ఎవరెస్టు ఆయనను బహిరంగంగా మెచ్చుకున్నాడు.

రెండవవారు రాధానాథ్ సిక్‌దార్. కలకత్తా హిందూ కళాశాలలో చదువుకున్న బెంగాలీ యువకుడు. 1831లో పంతొమ్మిదేళ్ళు నిండకుండానే లెక్కలు చేసేవాడిగా చేరాడు. ఎవరెస్టు ఆయన గణిత ప్రజ్ఞ చూసి, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగానికి పోబోతే పోనివ్వకుండా అడ్డుపడ్డాడు. ఇటువంటి గణితవేత్త తనకు మళ్ళీ దొరకడని ఆయన అభిప్రాయం. మెచ్చుకోలు మంచిదే గాని ఆ యువకుని బాగు సంగతి ఏమిటని అడిగితే జవాబు చెప్పడం కష్టం. పైవారికి మనం అత్యవసరమయ్యామంటే బదిలీ రాదు, ప్రమోషనూ రాదు. ఈ మాట అర్థంకాని ఉద్యోగి మన సంఘంలో లేడు.

రాధానాథ్ కొలతల్లోనే గాక మనుషుల విషయంలోనూ నికార్సయిన మనిషి. 1843లో డెహ్రాడూనులో ఒక మేజిస్ట్రేటు సర్వే శాఖ కూలీలను తన సామాను మోయడానికి వెట్టికి పట్టుకున్నాడు. రాధానాథ్ ఆ సామాను నిలిపివేయించి, కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం తప్పని ముఖం మీద నిలదీశాడు. కోర్టులో ఆయనకు 200 రూపాయల జరిమానా పడింది. జరిమానా కట్టాడు గాని తగ్గలేదు. తెలంగాణలో వెట్టి అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. గుట్టలు మోసిన మనుషుల పక్షాన నిలబడి జరిమానా కట్టిన ఈ ఉద్యోగిని గురించి పాఠ్యపుస్తకాల్లో రెండు వాక్యాలైనా ఉంటే బాగుండేది.

ఎవరెస్టు తరువాత ఆండ్రూ వా సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేపాలు లోపలికి పరదేశీయులను రానివ్వరు. అందుకని తరాయి చిత్తడి నేలల నుంచే, నూరు మైళ్ళ పైబడిన దూరం నుంచి, హిమాలయ శిఖరాలను యంత్రాల్లో చూశారు. అక్కడా జ్వరాలే, అక్కడా చావులే. కనపడిన శిఖరాలకు వరుసగా రోమను అంకెలు వేశారు. 15వ అంకె వేసిన శిఖరం పెద్ద ఎత్తుగా కనపడదు, ముందున్నవే ఎత్తుగా అనిపిస్తాయి. దూరం, భూమి వంపు, వెలుతురు వంపు అన్నీ లెక్కగట్టి 1852లో రాధానాథ్ ఆధ్వర్యాన తేల్చిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పటి అంగీకృతమైన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. కాగితం, కలం, లాగరిథం పట్టికలతో చేసిన లెక్కకు, 2020లో ఉపగ్రహాల సాయంతో వచ్చిన లెక్కకు తేడా ముప్ఫై అడుగులే.

1856లో వా ఈ సంగతి ప్రకటిస్తూ శిఖరానికి తన గురువు పేరు ప్రతిపాదించాడు. ఎవరెస్టు సంతోషించలేదు. శిఖరాలకు స్థానికులు పిలిచే పేర్లే ఉంచాలన్నది ఆయన నియమం. తన పేరు హిందీలో గాని ఫారసీలో గాని సరిగా రాయడం, పలకడం కుదరదని అభ్యంతరం చెప్పాడు. నిజానికి ఆయన ఇంటివారు ఆ పేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవారు, లోకమంతా మరొక రకంగా పలుకుతున్నది. టిబెట్టువారికి అది చోమోలుంగ్మా. నేపాలువారు తరువాత సాగరమాత అన్నారు. అయినా 1865లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఎవరెస్టు పేరునే ఖాయం చేసింది. మరుసటి ఏడాది 1866 డిసెంబరు 1న ఆయన కన్నుమూశాడు. ఇంగ్లండులో హోవ్ అనే చోట ఆయన సమాధి ఉన్నది.

రాధానాథ్ 1862లో పదవీ విరమణ చేసి 1870లో చనిపోయాడు. 1851లోను 1855లోను వెలువడిన సర్వే గ్రంథంలో ఆయన రాసిన భాగాలకు కృతజ్ఞతలు చెప్పారు. ఆయన పోయాక 1875లో మూడవ ముద్రణ వచ్చింది. ఆయన లెక్కలు అందులో ఉన్నాయి, ఆయన పేరు మాత్రం ఎగిరిపోయింది. ఇది అన్యాయమని ఆనాడే పత్రికలకు రాసినవారు తెల్లవారిలోనూ ఉన్నారు. 2004లో భారత తపాలా శాఖ రాధానాథ్ బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. 134 ఏళ్ళ తరువాతనైనా మరచిపోనందుకు సంతోషించాలి.

ఎవరెస్టు చేసిన పని శిఖరం పేరుతో ఆగిపోలేదు. 1830లో ఆయన భూమి ఆకారానికి కట్టిన లెక్కను ఎవరెస్టు గోళాభం అంటారు. 2005లో జాతీయ పటాల విధానం వచ్చే దాకా మన దేశపు టోపోషీట్లన్నీ దాని మీద నిలిచినవే. తూకపు గుండు కొండవైపు మొగ్గుతుందన్న ఆయన ఊహ కూడా కొత్త శాస్త్రానికి దారి చూపింది. ఉత్తరాన కలియానా, మధ్యభారతంలో కల్యాణపూరు అనే రెండు స్థానాల మధ్య నక్షత్రాల లెక్కకు, త్రిభుజాల లెక్కకు 5 సెకండ్ల పైచిలుకు తేడా వచ్చింది. కలకత్తాలోని ప్రాట్ అనే మతాచార్యుడు 1855లో దీనిని పరిశీలించి, హిమాలయం గుండును లాగవలసినంత లాగడంలేదని తేల్చాడు. కొండల అడుగున బరువు తక్కువ పదార్థం ఉన్నదనే సిద్ధాంతం దీని నుంచే పుట్టింది. అంటే ఐదు సెకండ్ల తేడాను దాచిపెట్టకుండా రికార్డులో రాసిపెట్టినందువల్ల భూమి కడుపులోని సంగతి బయటపడింది. లెక్క కుదరనప్పుడు కుదిరినట్లు దిద్దకుండా, ఉన్నది ఉన్నట్లు రాయడం ఉద్యోగికి ఎంత గొప్ప గుణమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఈనాడు డీజీపీఎస్ యంత్రం పొలం గట్టున నిలబెడితే కొద్ది నిమిషాల్లో స్థానం తెలిసిపోతుంది. నక్షా, టీపను పట్టుకుని హద్దురాయి కోసం పొదలు నరికిన రోజులు మా తరంతో పోయాయి. సముద్ర మట్టం నుంచి ఎత్తు అనే మాట మాత్రం ఇప్పుడు మా ప్రాంతపు రైతుల నోట కూడా వినిపిస్తున్నది. 2020 మే 29న ప్రారంభమైన కొండపోచమ్మ సాగరం నిండు మట్టం 618 మీటర్లు, 2022లో ప్రారంభమైన మల్లన్న సాగరానిది 557 మీటర్లు. నీళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎత్తాలో తెలియాలంటే ముందు నేల ఎత్తు తెలియాలి. ఆ విద్యకు మన దేశంలో పునాది వేసినవారు గుట్ట గుట్టకూ అర టన్ను యంత్రం మోసినవారే.

మరొక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీ ఎవరెస్టు శిఖరం మీద మొదటిసారి కాలు మోపారు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో, ఖమ్మం ప్రాంతపు ఆనందకుమార్‌తో కలిసి ఆ శిఖరం ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు, కూలినాలి చేసుకునే ఇళ్ళవారు. వారు బండలు ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీద. ఎవరెస్టు దొర మన గుట్టలు ఎక్కి పాఠం నేర్చుకుని హిమాలయాల దాకా పోతే, 195 ఏళ్ళ తరువాత మన పిల్లలు మన గుట్ట మీదనే నేర్చుకుని ఆయన పేరుగల శిఖరం ఎక్కారు. ఆనాడు యంత్రం మోసినవారి పేర్లు ఎవరూ రాయలేదు. ఈనాడు అటువంటి ఇళ్ళ పిల్లల పేర్లు పాఠాల్లోకి వచ్చాయి. ఇంతకంటే గొప్ప లెక్క సరిచూత ఏముంటుంది?

సభ్యులకు నా మనవి ఒక్కటే. మోకాళ్ళు సహకరించేవారు మనుమలను, మనుమరాండ్రను వెంటబెట్టుకుని చలికాలపు ఉదయం పూట దగ్గరలోని ఏదైనా గుట్ట ఎక్కించండి. మంచినీళ్ళ సీసా, చేతికర్ర మరువకండి. పైన నాలుగు దిక్కులూ చూపించి, ఈ కథ చెప్పండి. అలాగే మీ మీ శాఖల్లో మీతో పాటు పనిచేసి, రికార్డులో పేరు లేకుండా పోయిన అటెండర్లు, ఖలాసీలు, చైన్‌మన్ల పేర్లు ఒక కాగితం మీద రాసి మన సంఘానికి అందజేస్తే వచ్చే సంచికలో అచ్చు వేయించడానికి వీలుంటుంది.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ,

ఒక విశ్రాంత సర్వేయరు,
కుకునూరుపల్లి, సిద్దిపేట జిల్లా.